ఏడో గోళీ

రొయ్యల చెరువు కట్టమీద జారిపడి నా ఎడమ మోకాలు విరిగింది. రాడ్డు వేసి నడిచేట్టు చేసినారు గానీ, క్లచ్ తొక్కేట్టు చెయ్యలేకపోయినారు. ఇరవై ఏళ్లు స్టీరింగు పట్టినోణ్ణి, నా బండిలోనే పక్క సీట్లో కూర్చోవాల్సి వచ్చింది. రెండేళ్లలో ముగ్గురు డ్రైవర్లు మారినారు. బండి నడపడం చేతగాక కాదు, నా నోరు పడలేక పోయినారు. గేరు మారిస్తే తప్పు, మార్చకపోతే తప్పు. మిగిలిన చిరాకంతా ఇంటికొచ్చి నా భార్యమీద. అన్నం చల్లారిందని, ఫ్యాను చప్పుడు చేస్తోందని. నామీద నాకే అసహ్యం పుట్టింది.

అప్పుడు దొరికింది ఈ ఆటోమేటిక్ డీజిల్ ట్రక్కు. కావలి దగ్గర రొయ్యల వ్యాపారి ఒకాయన షెడ్డులో పడేసి మర్చిపోయినాడు. దానికి క్లచ్ పెడలే లేదు. ఎడమకాలికి పనే లేదు. చూడగానే ప్రాణం లేచొచ్చింది, బేరమాడి కొనేసినాను. అయితే గేరుబాక్సు పోయింది. ఐసు పెట్టెలు నింపుకోని ఎండలో చెన్నైకి తిప్పీ తిప్పీ, గేరు ఆయిలు కాగి నల్లబడి, లోపలి ప్లేట్లు మాడిపోయినాయి. ఆయిలు కొలిచే కడ్డీ తీసి వాసన చూస్తే అడుగంటిన పప్పు వాసన.

మా మెకానిక్ అన్న జీవితమంతా లారీ గేరుబాక్సులు విప్పినోడే గానీ, ఆటోమేటిక్‌ది చేత్తో తాకింది లేదు. "నేర్చుకుందాం తమ్ముడా, అదేమన్నా ఆకాశం నుంచి ఊడిపడిందా" అన్నాడు, అంతే. మా ఇంటి పక్క రేకుల షెడ్డులోనే గేరుబాక్సు దించినాము. ఒక్కో ముక్క విప్పేముందు ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. మాడిన ప్లేట్లు తీసేసి ఇంకా గట్టివి తెప్పించి వేసినాడు. ఆయిలు మళ్లీ కాగకుండా రేడియేటరు ముందు ఇంకో పెద్ద కూలరు బిగించినాడు. పాతదానికంటే మేలుగా చెయ్యాలని ఆయన పట్టుదల.

ఈ బండిలో గేరు మార్చేది మనిషి కాదు, ఆయిలు. ఆ ఆయిలు పారే దారులన్నీ ఒక అల్యూమినియం దిమ్మెలో ఉంటాయి. దాన్ని విప్పితే లోపల ముగ్గేసినట్టు సందులు, ఆ సందుల్లో ఏడు స్టీలు గోళీలు. ఏది యాడుండాల్నో ఆడే ఉండాల. దొర్లిపోకుండా పెట్టేదానికి అన్న చుట్టూ చూసి, "అమ్మా, రెండు ఇడ్లీ ప్లేట్లు ఈమ్మా" అని నా భార్యను అడిగినాడు.

"ఈ పూట ఆయిలు, రేపు ఇడ్లీనా అన్నా?" అనింది. అంటూనే తెచ్చి ఇచ్చింది. గుంటకొక గోళీ పెట్టినాము.

మళ్లీ బిగించే రోజు, గోళీలు నేనే పెడతానని పట్టుబట్టినాను. ఒక పనన్నా నా చేత్తో చెయ్యాలని ఉండింది. ఫోటో చూసుకుంటా పెట్టినాను. "ఏడూ కూర్చున్నాయా?" అని అడిగినాడు అన్న. "కూర్చున్నాయి, బిగించు" అన్నాను. లెక్కపెట్టలేదు. ఎప్పుడెప్పుడు తోలదామా అని నా తొందర.

గేరుబాక్సు ఎక్కించి, ఆయిలు పోసి, ఊరి రోడ్డుమీదికి తీసినాను. మొదటి గేరు, రెండో గేరు మెత్తగా పడినాయి. మూడో గేరు దగ్గర ఇంజను గీపెట్టింది, బండి మాత్రం ఊపందుకోలేదు. ఎన్నిసార్లు తోలినా అంతే. షెడ్డుకి తిప్పుకొచ్చి అన్నమీద ఎగిరినాను. "తెలీని పని ఎందుకు నెత్తిన పెట్టుకున్నావన్నా? నేర్చుకునేదానికి నా బతుకే దొరికిందా?" అన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటా కూర్చున్నాడు.

అప్పుడొచ్చింది నా భార్య, చేతికి సబ్బు నురగతోనే. "ఇడ్లీ ప్లేట్లు తోముతుంటే ఊడింది. దీన్ని యాడన్నా పెట్టాల్నా?" అని అరచెయ్యి చాపింది. అన్నిట్లోకీ చిన్న గోళీ. ఇడ్లీ గుంటకు అడుగునుండే బొక్కలో ఇరుక్కోని, పైన గ్రీసు కప్పేసరికి నా కంటికి కనబడలేదు.

తల ఎత్తుకోలేకపోయినాను. "అన్నా, నేను లెక్కపెట్టలేదు. తప్పు నాది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చి ఎన్నాళ్లయిందో.

అన్న నవ్వినాడు. "పోనీలే, గేరుబాక్సు దించే పన్లేదు. కింద మూత విప్పితే దిమ్మె చేతికొస్తుంది. ఈసారి లెక్క మాత్రం మా చెల్లెమ్మ పెట్టాల" అన్నాడు. ఆమె పీట వేసుకోని కూర్చోని, ఒక్కో గోళీ లోపలికి పోయేటప్పుడు గట్టిగా లెక్కపెట్టింది. ఏడు అన్నాక ఇంకోసారి మొదట్నించీ లెక్కపెట్టింది.

రెండోనాడు ఐసు పెట్టెలు వేసుకోని గూడూరు దాకా పోయినాము, నేనూ ఆమే. హైవే ఎక్కినాక మూడో గేరు ఎప్పుడు పడిందో తెలీలేదు. ఎడమకాలు హాయిగా చాపుకోని కూర్చున్నాను. సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగినాయి, ఆమె చూడకుండా తుడుచుకున్నాను. ఇంతలో ఒక బస్సోడు ఇండికేటరు వెయ్యకుండా అడ్డమొచ్చినాడు. అద్దం దించి, తల బయటపెట్టి, వాడి లైసెన్సు నుంచి మొదలుపెట్టి బాగా వాయించినాను.

ఆమె పకపకా నవ్వింది. "ఏంది నవ్వు?" అన్నాను.

"రెండేళ్లు ఇంట్లో నేను పడినాను. ఇంక రోడ్డుమీదోళ్లు పడతారులే" అనింది.