పండుగకు సర్వీసింగు చేసిన గేము

మా అమ్మ వీడియో గేములు ఆడుతుందని గడ్డపోతారం పోయే కంపెనీ బస్సులో అందరూ నవ్వేవాళ్లు. "అక్కా, ఇయ్యాల ఎంతమందిని సంపినవ్?" అని అడిగేవాళ్లు. అమ్మ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయకుండానే, "ఇద్దరిని. మూడోదానివి నువ్వే," అనేది. ఆ నవ్వులు ఆమెకు అవసరమే. ఈ వయసులో గేములు ఆడుతుందని నవ్వినా ఫరవాలేదు, ఈ వయసులో అక్షరాలు దిద్దుతుందని నవ్వకూడదు.

అమ్మ ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద డ్రమ్ములు కడిగేది. ఖాళీ డ్రమ్ముల అడుగున మిగిలిన రసాయనాలకు ఆమె చేతుల తోలు ఊడిపోయింది. కంపెనీ ఇచ్చిన గ్లౌజులు వారానికే చిరిగేవి. కూరన్నం కలుపుకుంటే మంట అని చెంచాతో తినేది. ఆ ఏడు దసరా ముందు లేబుల్ సెక్షనులో ఒక చోటు ఖాళీ అయింది. నిండు డ్రమ్ము మీద పేరు చదివి, దాన్ని ఏ వరుసలో పెట్టాలో చెప్పి, చీటీ అంటించడమే పని. చేతులు తడవవు. పండుగ సెలవయ్యాక ఇన్‌ఛార్జి యార్డులో డ్రమ్ములు చూపిస్తాడు. ఒక్క తప్పు లేకుండా చదివినవాళ్లకు ఆ చోటు. పేర్లన్నీ ఇంగ్లిషులో ఉంటాయి. అమ్మకు తెలుగు అక్షరాలే రావు.

నేను అప్పుడు పటాన్‌చెరులో ఒక జిరాక్సు, డీటీపీ షాపులో పని చేసేదాన్ని. చిట్కుల్ నుంచి రోజూ పోయి వచ్చేదాన్ని. నా కాలేజీ ఇంటరుతో ఆగింది, చదువు ఆగలేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. సంగారెడ్డి గ్రంథాలయంలో సి అనే కంప్యూటరు భాష మీద ఒకే ఒక్క పుస్తకం ఉండేది. దాని వెనక అంటించిన కాగితం మీద తేదీ ముద్రలన్నీ నావే. చివరి అధ్యాయం ఎవరో చింపుకుపోయారు. అందులో ఏముండాలో నేనే ఆలోచించి రాసి, షాపు కంప్యూటరులో నడిపి చూసి సరిచేసుకున్నాను.

అమ్మ గేము మిషన్ ఒక ఫోను రిపేరు షాపులో సెకండ్‌హ్యాండులో దొరికింది. రెండు చేతులతో పట్టుకుని ఆడే రకం, అద్దం నిండా గీతలు. తాను అమ్మే గేములు తప్ప ఇంకేవీ నడవకుండా దాన్ని చేసిన కంపెనీ అందులో తాళం వేసింది. కానీ లోపలి సాఫ్ట్‌వేరు పాత వర్షనులో ఆ తాళానికి ఒక సందు ఉండేది. దేశదేశాల్లో ఉన్నవాళ్లు ఆ సందు కనిపెట్టి, అందులోంచి సొంత ప్రోగ్రాములు నడపడానికి కావలసినవన్నీ రాసి ఊరికే పంచేవాళ్లు. ఇట్లా అనుమతి లేకుండా రాసుకున్నవాటికి హోమ్‌బ్రూ అని పేరు. ఇంట్లో కాచుకున్నదని అర్థం చెబితే అమ్మ, "అంటే గుడుంబ అన్నట్టు. పోలీసోళ్లు రారు గద?" అంది.

నేను రాసింది చిన్న ప్రోగ్రామే. తెర మీద ఒక డ్రమ్ము, దాని మీద పేరు. బటన్ నొక్కితే నా గొంతు ఆ పేరు చెబుతుంది. తర్వాత మూడు డ్రమ్ములు వస్తాయి, టాలుయీన్ డ్రమ్ము ఏదో చూపించమని నా గొంతే అడుగుతుంది. సరిగ్గా నొక్కితే గంట మోగుతుంది. తప్పయితే బుర్రుమనేట్టు మొదట పెట్టాను. అమ్మ ఒప్పుకోలేదు. "తప్పైతే సప్పుడు సెయ్యకు. ఇయర్‌ఫోన్ ఊడితే బస్సుల అందరికి ఇనవడ్తది," అంది. తీసేశాను.

ఐదు వారాల్లో ఇరవై పేర్లు పట్టేసింది. మిథనాల్, మిథిలీన్ క్లోరైడ్ మాత్రం మొదట్లో ఒకేలా ఉండి ఆమెను ఏడిపించేవి. "గివి రెండు అక్కసెల్లెండ్లేందే," అనేది. ఆ రెండింటి కోసమే ఒక కొత్త ఆట రాసి ఎక్కించాను. పండుగ సెలవుల్లో అదొక్కటే ఆడితే చాలు.

మా అన్న ఇంకో ఫ్యాక్టరీలో ఫిట్టరు. మా వైపు ఫ్యాక్టరీల్లో ఏ మిషన్నూ మురికిగా ఆయుధపూజకు పెట్టరు. వారం ముందు నుంచే పంపులు విప్పి కడుగుతారు, గ్రీజు నింపుతారు, బెల్టులు మారుస్తారు, రంగు వేస్తారు. ఆ తర్వాతే బొట్టు. అన్న ఇంట్లోనూ అదే పద్ధతి పాటించేవాడు. ఆ ఏడు తన స్పానర్లు, సైకిలు తోమి, అమ్మ గేమును కూడా మాకు చెప్పకుండా రిపేరు షాపుకు తీసుకుపోయాడు. పూజలో అది బంతిపూల మధ్య పసుపు కుంకుమలతో మెరిసిపోయింది. అమ్మ చూసి మురిసింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, "బిడ్డా, నా గేము వస్తలేదు," అంది.

తీసుకుని చూశాను. నా ప్రోగ్రాము ఉండే చోట ఇంగ్లిషులో 'చెడిపోయిన డేటా' అని ఉంది.

"అన్నా, దీన్ని ఏం జేసినవ్?"

"సర్వీసింగ్ చేయించిన. అద్దం జూడు, ఎట్ల మెరుస్తుందో. లోపల గూడ కొత్త వర్షన్ ఏయించిన."

"నిన్నెవరు ఏయించమన్నరు?"

"పండుగకు పాతది ఎట్ల వెడ్తం చెల్లే? మంచిగైతదనే చేయించిన."

"పాతది గాబట్టే నడిచింది."

"అయితే పాతదే మళ్ల ఏయిస్త. షాపు తెరిచే ఉన్నది, నడు."

"వెనక్కి పోనియ్యదన్నా. ఒక్కసారి ఎక్కితే అంతే."

అన్న దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "పంపుకు కొత్త సీల్ ఏస్త. కుదరకుంటే పీకి పాతదే ఏస్త. మనం కొన్న మిషన్ మన మాట ఇనదా? ఇదేం మిషన్?"

"వాన్ని ఏమనకు," అంది అమ్మ.

నా ప్రోగ్రాము చెడిపోలేదు. అందులో ఒక్క అక్షరం కూడా మారలేదు. దాన్ని చదవనని మొండికేసింది మిషన్, నింద మాత్రం నా రాతకు. మేము డబ్బు పెట్టి కొన్న వస్తువులో ఏది మంచిదో ఏది చెడిపోయిందో చెప్పే అధికారం, సముద్రాల అవతల ఉన్న ఒక కంపెనీకి ఎవరిచ్చారు? నేను దొంగ గేములు నడపలేదు. వాళ్ల సరుకు ఒక్కటీ ముట్టుకోలేదు. మా అమ్మకు ఇరవై రెండు పేర్లు నేర్పాను. ఇన్నేళ్లయినా 'చెడిపోయిన డేటా' అన్న ఆ రెండు మాటలు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

పరీక్షకు మూడు రోజులుంది. పేర్లను ఫొటోలుగా, నా గొంతును పాటలుగా ఎక్కించి చూశాను. బొమ్మ ఒకచోట, మాట ఒకచోట. ఏ మాట ఏ బొమ్మదో చెప్పడానికి పక్కన నేనుండాలి. కాగితం మీద రాసిస్తానంటే అమ్మ ససేమిరా అంది. పండుగకు ఇంటి నిండా చుట్టాలు, వాళ్ల ముందు అక్షరాలు దిద్దనంది.

యార్డులో అమ్మ తొమ్మిది డ్రమ్ములు తడబడకుండా చదివిందట. పదోది మిథిలీన్ క్లోరైడ్. మిథనాల్ అంది. ఇన్‌ఛార్జి తల అడ్డంగా ఊపాడు. ఆయన తప్పేమీ లేదు. ఆ రెండూ తారుమారైతే మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. ఆ చోటు ఇంకొకరికి పోయింది. ఆయన్ను తిట్టలేను, అన్నను తిట్టలేను. తిట్టాల్సినవాళ్లకు నా గొంతు వినబడదు.

హోమ్‌బ్రూకు ముందు ముందు ఏ గతి పడుతుందని ఇంటర్నెట్టులో అప్పట్లో రోజూ వాదనలు నడిచేవి. ఎంత తాళం వేసినా ఎవరో ఒకరు సందు కనిపెడతారని చాలామంది ధీమా. వాళ్ల మాటే నిజమైంది. కొన్ని నెలలకు ఆ కొత్త వర్షనుకూ సందు దొరికింది, నా ప్రోగ్రాము మళ్లీ నడిచింది. మా అమ్మ పరీక్ష రోజుకు మాత్రం దొరకలేదు. తర్వాతి మిషన్లకు తాళాలు ఇంకా బిగిశాయి, అవే తాళాలు ఫోన్లలోకీ వచ్చాయి. ఎవరో ఎప్పుడో కనిపెట్టే సందు దయ మీద బతకడాన్ని భవిష్యత్తు అనడానికి నాకు నోరు రాదు. కొన్నవాళ్ల చేతికి తాళంచెవి ఇవ్వాలి. అడుక్కునేది కాదది.

పరీక్ష మర్నాడు సాయంత్రం అమ్మ టిఫిను డబ్బా మూత తీసింది. అందులో తడిసి చిరిగిన రెండు లేబుళ్లు మడత పెట్టి ఉన్నాయి. కడిగే డ్రమ్ముల మీంచి గోకి తెచ్చింది. ఇల్లంతా రసాయనాల వాసన. ఆ గోకుడుకు ఆమె బొటనవేలు మళ్లీ పగిలి ఉంది.

"దాసిపెట్టుడు దేనికింక? యార్డుల అందరు సూసిండ్రు," అంది. రెండింటినీ గడప మీద పక్కపక్కన పరిచింది. వాకిట్లో పక్కింటివాళ్లు కూర్చుని ఉన్నారు.

"ఈ రెండిట్ల అక్క ఏది, సెల్లె ఏది? గట్టిగనే సెప్పు."