చిత్రిక పట్టిన వాసవాంబ

నలభై తొమ్మిదో యేట వాసవాంబకు వడ్రంగం నేర్చుకోవాలన్న బుద్ధి పుట్టడానికి కారణం ఒక వడ్రంగే.

చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో ఆమె భర్త గోపాలయ్యది పప్పుల హోల్‌సేల్ అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. వంటింట్లో గోడ బీరువా ఒకటి పెట్టించుకుందామని ముచ్చటపడి వాసవాంబ ఒక వడ్రంగిని పిలిపించింది. అతను వచ్చాడు, టేపు లాగి కొలిచాడు, కొలతలు అరచేతిలో రాసుకుని పోయాడు. మళ్ళీ వచ్చినప్పుడు, మధ్యలో చెయ్యి కడుక్కోవాల్సి వచ్చిందని చెప్పి మళ్ళీ కొలిచాడు. వానాకాలం పోయి ఎండలు ముదిరాక బీరువా వచ్చింది. గోడకు బిగించి తలుపు తెరవబోతే ఫ్రిజ్ అడ్డం. ఫ్రిజ్ జరిపితే వంటింటి తలుపు మూసుకోదు.

"వంటింటి తలుపు మూసి ఏం చేస్తారమ్మా, ఉండేది ఇద్దరేగదా" అని ఓదార్చి అతను మెట్లు దిగాడు.

ఆ సాయంత్రం గోపాలయ్యకు దోసె వేస్తూ వాసవాంబ, "ఏమండీ, నేను వడ్రంగం నేర్చుకుంటా" అంది.

గోపాలయ్య ఫోన్లో కందిపప్పు ధర మాట్లాడుతున్నాడు. "సెరి" అన్నాడు. అవతలి మనిషికి అన్నాడో, భార్యకు అన్నాడో ఆయనకే తెలియదు. వాసవాంబ మటుకు తనకే అన్నాడని తీసుకుంది.

ఎక్కడ నేర్పుతారో వెతికే పని కూతురు నందితకు పడింది. పెళ్ళయి షోళింగనల్లూరులో కాపురముంటున్న నందిత, తల్లికి ఏదో కాలక్షేపం కావాలనుకుని తన ఆఫీసు దగ్గరే ఒకచోట శని ఆదివారాల క్లాసుకు పేరు రాయించింది. పెద్ద అపార్ట్‌మెంట్ కింద ఏసీ గది. లోపలికి అడుగు పెట్టగానే కాఫీ ఇచ్చారు. నేర్చుకునే వాళ్ళంతా కంప్యూటర్ కంపెనీల పిల్లలు. నేర్పే అతను గడ్డం పెంచి, తోలు ఏప్రన్ కట్టుకుని, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో చెక్క పెట్టి కళ్ళు మూసుకోమన్నాడు.

"ముందు చెక్కతో మాట్లాడండి. అదేం కావాలనుకుంటోందో వినండి."

వాసవాంబ ఒక కన్ను తెరిచింది. "మాట్లాడితే బీరువా తయారవుతాదా నాయనా?"

"బీరువా ఎందుకాంటీ? మనం చేసేది స్పూన్."

రెండు రోజులు చెక్కితే స్పూన్ లాంటిది తయారైంది. అది ఎవరి నోట్లోనూ పట్టదు. అందరూ చప్పట్లు కొట్టి ఫోటో తీశారు. పక్కన కూర్చున్న జనని అనే అమ్మాయి మటుకు తన స్పూన్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఆంటీ, దీంతో ఏం చెయ్యాలి?" అని అడిగింది. పదేళ్ళుగా కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఉద్యోగం ఆ పిల్లది. ఆ పని మీద విసుగెత్తి నిజంగానే వేరే పని వెతుక్కుంటోంది. వాళ్ళదీ ఎప్పుడో అరవదేశంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబమే. ఇద్దరూ బయటికొచ్చి బస్సు ఎక్కేలోగా కలిసి వెతకాలని తీర్మానించుకున్నారు.

తర్వాత చూసినది వాసవాంబ ఇంటికి దగ్గర్లోనే ఒక మేడ మీది ఒంటి గది. కుట్టుపని, బ్యూటీషియన్, మొబైల్ రిపేరు, ఇంగ్లీషు మాట్లాడడం, వడ్రంగం అన్నీ అక్కడే నేర్పుతామని బోర్డు. గదిలో రంపం అన్నది కనబడలేదు. టేబుల్ వెనక మనిషి మాత్రం సర్టిఫికేట్ ఇప్పుడే చేతికిస్తానన్నాడు.

"పని రాకుండా అది పెట్టుకుని ఏం చెయ్యాల?" అంది వాసవాంబ.

"ఫ్రేం కట్టించి గోడకు తగిలించండమ్మా."

"ఆ ఫ్రేం చేసేదెవురు?"

అతను పెన్నుకు మూత పెట్టేశాడు. వీళ్ళు మెట్లు దిగి వచ్చేశారు.

అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక షెడ్డులో ఆరు నెలల కోర్సు ఉందని జనని కనుక్కుంది. ఈసారి వాసవాంబ తన పద్ధతిలో బయలుదేరింది. పప్పు కొనేటప్పుడు ఆమె ఎన్నడూ మూట పైన కనిపించేది నమ్మలేదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీసి చూస్తుంది. అందుకే షెడ్డులోకి పోకముందే ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని, టీకి వచ్చిన విద్యార్థుల్ని కదిలించింది. మాస్టరు తిడతాడా అని అడిగింది. తిడతాడన్నారు. ఎందుకు తిడతాడంటే, కొలవకుండా కోస్తే తిడతాడన్నారు. ఆమెకు అక్కడే సగం నచ్చింది.

మాస్టరు పేరు ఆంటో. తమిళం తప్ప మరో మాట రాదు. రంపపుపొట్టు కనుబొమల మీద కూడా ఉంది. పట్టుచీరలో వచ్చిన వాసవాంబను చూసి, "స్టూళ్ళు అమ్మేది ఆదివారమేనమ్మా" అన్నాడు.

నేర్చుకోవడానికి వచ్చామని చెబితే ఆయన నవ్వలేదు, పొగడలేదు. మూల ఒక గుట్ట చూపించాడు. వంకర ముక్కలు, పగిలిన ముక్కలు, ఒకదాన్లో ఒకటి దూరని ముక్కలు. "ఇది అందరూ మొదట చేసేది. మీరూ ఇదే చేస్తారు. చీరకొంగు మిషన్‌లో పడితే ప్రాణం పోతుంది, అందుకని ప్యాంటు చొక్కా వేసుకోవాలి. ఇష్టమైతే సోమవారం రండి."

వాసవాంబ అక్కడి బల్ల ఒకటి రెండు చేతులతో పట్టుకుని ఊపింది. కదల్లేదు. ఎవరు చేశారంటే పోయిన బ్యాచ్ వాళ్ళన్నారు. అంతే, చేరిపోయింది.

సోమవారం పొద్దున గోపాలయ్య తన చొక్కా, తన ప్యాంటు మెట్లు దిగి వస్తుండగా చూశాడు. వాటి లోపల భార్య ఉంది.

"ఏందే ఇది?"

"మీరే గదా సెరి అన్నారు."

ఆయన ఎప్పుడన్నానో గుర్తు తెచ్చుకునేలోగా ఆమె స్టేషన్ చేరింది.

ఆంటో చెప్పింది అక్షరాలా జరిగింది. మొదటి వారాల్లో వాసవాంబ కోసిన ప్రతి ముక్కా ఆ మూల గుట్ట మీదికే పోయింది. ఒక చెక్క కొసను సన్నగా చెక్కి ఇంకో చెక్క బెజ్జంలో బిగించాలి. ఆమె చెక్కినది బెజ్జంలో గంటలో నాలుకలా ఆడేది. జనని చెక్కినది అసలు దూరేదే కాదు. "మీ ఇద్దరివీ మార్చుకుని చూడండి" అనేవాడు ఆంటో విసిగిపోయి. ఇంటికి పోయేటప్పుడు రంపాన్ని సంచిలో పెట్టుకుంటే పళ్ళు బయటికి కనిపించేవి. దానివల్ల ఒక సుఖం, ఎంత రద్దీలోనూ రైల్లో ఆమెకు చోటు దొరికేది.

ఆ రైలు దగ్గరే గొడవ మొదలైంది. వీధి చివర ఎండుమిర్చి వ్యాపారం చేసే వాళ్ళింటి చంద్రకళ, ఎవరిదో గృహప్రవేశానికి అంబత్తూరు వెళ్ళి, షిఫ్టు మారే వేళకు స్టేషన్లో ఫ్యాక్టరీ జనం మధ్య వాసవాంబను చూసింది. మగవాళ్ళ చొక్కా, చేతిలో టిఫిన్ క్యారియర్, జుట్టు నిండా పొట్టు. చంద్రకళ పలకరించలేదు. ఇలాంటి సమయంలో పలకరిస్తే అవతలి వాళ్ళు బాధపడతారని ఆమె మంచి మనసుకు తోచింది. ఆ మంచి మనసుతోనే వీధిలో అందరికీ చెప్పింది. గోపాలయ్య అంగడి మునిగిపోయింది, పాపం ఇంటామె కూలికి పోతాంది.

గోపాలయ్యకు ముందు ఏమీ అర్థం కాలేదు. రోజూ కబుర్లకు వచ్చేవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడసాగారు. ఒకాయన చేతులు పట్టుకుని, "మంచిరోజులు వస్తాయిలే గోపాలూ" అన్నాడు. బావమరిది వచ్చి కాఫీ తాగి, పోతూ పోతూ బియ్యం మూట ఒకటి గుమ్మం పక్కన పెట్టి పోయాడు. పప్పుల మూటల మధ్య ఆ బియ్యం మూటను చూస్తూ గోపాలయ్య అయోమయంగా నిలబడ్డాడు. సంగతి తెలిశాక ఆయన పరువు కాపాడుకోవాలని ఒక ఉపాయం పన్నాడు.

"డాక్టరు చెప్పినాడప్పా. ఒంటికి కసరత్తు ఉండాలంట. అందుకే పంపిస్తాండా."

మర్నాటి నుంచి హార్లిక్స్ సీసాలు, దానిమ్మకాయలు రావడం మొదలైంది. మూడో వారానికి వాసవాంబకు గుండె జబ్బని ఒక వీధి, కిడ్నీ అని ఇంకో వీధి చెప్పుకున్నాయి. చివరికి గోపాలయ్య ఉండబట్టలేక అంగడి మెట్ల మీద నిలబడి, "మా ఇంటామెకు ఏ రోగమూ లేదు. వడ్రంగం నేర్చుకుంటాండాది. ఆమెకు ఇష్టం. అంతే" అన్నాడు. వినేవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పాపం, కష్టాలొస్తే మనిషికి మతి కూడా పోతుంది కాబోలు అనుకున్నారు.

ఈ వ్యవహారం కార్తీకమాసపు వానలకు తేలింది. ఒక శుక్రవారం వానకు క్లాసు ఆగిపోయి వాసవాంబ అప్పుడే ఇల్లు చేరింది, ఇంకా చొక్కా కూడా మార్చుకోలేదు. ఆ మధ్యాహ్నం చంద్రకళ కోడలు నివేదిత పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ఇత్తడి పిడి ఒకటి ఉంది.

"పెద్దమ్మా, అత్తమ్మ పూజగదిలో ఇరుక్కుపోయినారు. వానకు తలుపు ఉబ్బిపోయినాది. నేను లాగితే ఇది ఊడి వచ్చేసినాది. ఇంట్లో మొగవాళ్ళు ఎవురూ లేరు. ఆసారికి ఫోన్ చేస్తే రేపు వస్తానంటాడు." ఆసారి అంటే అక్కడి తమిళులు వడ్రంగిని పిలిచే పేరు.

వాసవాంబ సంచి భుజానికి తగిలించుకుంది. ఆరు నెలల చదువు ఇంకా పూర్తి కాలేదు. అసలైన ఇంట్లో అసలైన తలుపు మీద చెయ్యి పెట్టడం ఇదే మొదలు. అయినా మొహం మాత్రం ఆంటో మొహంలా పెట్టుకుంది.

"లోపల ఎట్టుండావు వదినా?"

"ఎవురు, వాసవీ నువ్వా?" లోపలి గొంతులో కాస్త తడబాటు. "నువ్వెందుకు వచ్చినావు? నీ ఆరోగ్యం..."

"నా ఆరోగ్యానికేం, భేషుగ్గా ఉండాది. నువ్వు తలుపుకు దూరంగా జరుగు."

తలుపు హాల్లోకి తెరుచుకునేది కాబట్టి బందులు బయటివైపే ఉన్నాయి. మరలు విప్పితే రెక్క మొత్తంగా ఊడి వస్తుంది. కానీ మరలు తుప్పు పట్టి కదలడం లేదు. నివేదిత చేత నువ్వుల నూనె తెప్పించి ఒక్కో మరకూ పోసి, నూనె దిగేదాకా గుమ్మం ముందు బాసిపట్లు వేసుకుని కూర్చుంది. ఇద్దరి మధ్యా తలుపు. మాట్లాడుకోవడం తప్ప చేసేది లేదు.

"వాసవీ, ఒకటి అడుగుతా. దాచకుండా చెప్పు. అంగడి బాగానే ఉండాదా?"

"నిరుటికంటే బాగుండాది. ఎందుకు వదినా?"

"నేనే చెప్పినా అందరికీ, మునిగిపోయిందని. నిన్ను ఆడ అంబత్తూరులో చూసి."

"తెలుసు."

"తెలిసే వచ్చినావా?"

"బయటికి రానీ, అప్పుడు మాట్లాడుకుందాం" అని వాసవాంబ కావాలనే ఇంకొంచెంసేపు నూనె దిగనిచ్చింది.

చివరికి మరలు ఒక్కొక్కటే కిర్రుమంటూ తిరిగాయి. అందరూ కలిసి రెక్కను పక్కకు లాగేసరికి లోపల చంద్రకళ ఖాళీ పళ్ళెం ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. అమ్మవారికి పెట్టిన చక్కెరపొంగలి, వడలు, అరటిపళ్ళు ఏవీ మిగల్లేదు.

"భయానికి ఆకలేసింది" అంది ఆమె తల దించుకుని.

వాసవాంబ తలుపు రెక్కను కుర్చీలకు ఆనించి, ఉబ్బిన అంచును చిత్రిక పట్టింది. పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంటే చంద్రకళ, నివేదిత నోరు తెరుచుకుని చూశారు. అంచు నున్నగా వచ్చింది. ఎత్తి బిగించారు. తలుపు గాలికి కూడా మూసుకునేంత హాయిగా ఆడింది. వాసవాంబ చీరకొంగు లేని చొక్కా చేత్తో చెమట తుడుచుకుంటూ గర్వంగా వెనక్కి జరిగి చూసుకుంది. అప్పుడు నివేదిత మెల్లగా అడిగింది.

"పెద్దమ్మా, గంటలు పైకి చూడాలా?"

రెక్క తలకిందులుగా బిగించింది. తలుపు చెక్కకు బిగించిన చిన్న ఇత్తడి గంటలన్నీ నోళ్ళు తెరుచుకుని ఆకాశం చూస్తున్నాయి.

మళ్ళీ విప్పి, తిప్పి, బిగించేసరికి దీపాలు పెట్టే వేళయింది. ముగ్గురూ నవ్వి నవ్వి అలిసిపోయి కాఫీ తాగారు. గంటల సంగతి ఎవరికీ చెప్పనని చంద్రకళ ఒట్టు పెట్టుకుంది. ఆశ్చర్యం ఏమిటంటే, నిజంగానే చెప్పలేదు. మిగిలినదంతా మాత్రం చెప్పింది. గోపాలయ్య మెట్ల మీద నిలబడి చెప్పినా నమ్మని వీధి, చంద్రకళ చెబితే ఒక్క పూటలో నమ్మింది.

ఆ వారం నుంచి పిలుపులు మొదలయ్యాయి. మధ్యాహ్నం మగవాళ్ళు అంగళ్ళలో ఉంటారు, కొత్త మనిషిని వంటింట్లోకీ పడకగదిలోకీ రానివ్వాలంటే ఆడవాళ్ళకు సంకోచం. వాసవాంబ అయితే ఆ సంకోచం లేదు. పైగా ఆమె బీరువా కొలవడానికి ముందు ఇంటామెను నిలబెట్టి చెయ్యి పైకి ఎత్తమనేది. చెయ్యి అందిన చోటే అర. స్టూలు ఎక్కకుండా డబ్బాలు అందుకోవడం ఆ వీధి ఆడవాళ్ళకు కొత్త.

కోర్సు ముగిశాక జనని, అన్నాళ్ళూ రాత్రి షిఫ్టుతో నెట్టుకొచ్చిన ఉద్యోగం మానేసి వచ్చి కలిసింది. మొదట గోపాలయ్య గోడౌన్‌లో ఒక మూల పని మొదలుపెట్టారు. ఒక పెద్ద హోటలు వాళ్ళు పెసరపప్పులో చిత్రిక పొట్టు దొరికిందని ఫోన్ చేసేదాకా అది బాగానే సాగింది. ఆ రోజు గోపాలయ్య గట్టిగా అరిచాడు. మర్నాడు తానే తిరిగి రైలు పట్టాల అవతల చిన్న షెడ్డు చూసిపెట్టాడు. షెడ్డుకు బోర్డు రాయించే బాధ్యత కూడా తనే తీసుకున్నాడు. పెయింటరు ఆ చుట్టుపక్కల అంగళ్ళన్నిటికీ రాసే మనిషి, చెయ్యి అలవాటు కొద్దీ సాగిపోయింది. 'వాసవాంబ అండ్ సన్స్' అని చక్కటి అక్షరాలతో రాసేశాడు. వాళ్ళకు ఉన్నది కూతురు. జనని మార్పించాలంది. వాసవాంబ అక్షరాలు బాగున్నాయి, ఉండనీ అంది.

బోర్డు మీద ఉన్న ఫోన్ నంబరు గోపాలయ్యది, మిషన్ చప్పుడులో వీళ్ళకు వినిపించదని. కొత్త వాళ్ళు ఫోన్ చేసి కొడుకును పంపించమంటుంటారు. పప్పు తూకం మధ్యలో ఆపి గోపాలయ్య ఓపిగ్గా చెబుతాడు.

"కొడుకు లేడమ్మా. ఆమే వస్తాది. మీరు ఇంట్లో ఉండండి, ఆమె కొలిచేది మీ చెయ్యి."