రెండు చుక్కల సంతకం

మా నాయన సంతకం పెట్టడం నేను నేర్చుకున్నది ఇంటర్‌లో చేరిన ఏడాది. చిత్తూరులో మాకు చిన్న మామిడి మండీ ఉండేది. బెంగుళూరా మామిడికాయ దిగే రెండు నెలలూ ఆయనకు బండి దగ్గర నుంచి కాటా దగ్గరికి, కాటా దగ్గర నుంచి వేలంపాటకు పరుగే పరుగు. డబ్బు తీసే బ్యాంకు ఫారం ముందు పెడితే విసుక్కునేవాడు. ఒకరోజు తేల్చి చెప్పేశాడు.

"నువ్వే గీకి పారెయ్ పాపా. ఆడ సూసేదెవురు?"

లోకంలో నాకన్నా తెలివైనవాళ్లు లేరనుకునే వయసు. ఒక సాయంత్రమంతా కూర్చుని పాత నోటుపుస్తకం కాగితాలు నాలుగైదు నింపేశాను. ఆయన సంతకం కింద ఒక గీత ఉండేది. ఆ గీత కింద రెండు చుక్కలు నేను చేర్చినవి, అందంగా ఉంటాయని. ప్రతి సీజన్ ముందూ చెయ్యి తిరగడానికి మళ్లీ ఒకటి రెండు కాగితాలు రాసేదాన్ని. వాటిని చింపాలని గానీ, కాల్చాలని గానీ తోచలేదు. కాయలకు దెబ్బ తగలకుండా గంపల అడుగున పరిచే చిత్తుకాగితాల్లో పడేసేదాన్ని. మా ఇంట్లో ఏ కాగితమైనా చివరికి చేరేది అక్కడికే.

బ్యాంకులో గుమాస్తా ఫారం తీసుకుని, నా మొహం చూసి, ఇత్తడి టోకెన్ చేతిలో పెట్టేవాడు. "నాయన బాగుండాడా పాపా?" అని అడగడమే ఆయన చేసే తనిఖీ. ఖాతా తెరిచిన రోజు నాయన పెట్టిన సంతకం ఒక కార్డు మీద, గుమాస్తా వెనక బీరువాలోనే ఉందని నాకు తెలియనే తెలియదు.

మూడో సీజన్ మధ్యలో ఒక సోమవారం పొద్దున సొరుగులో పాసుబుక్కు కనిపించలేదు.

"యాడ పెట్టినావు పాపా?"

"నేను తీయలేదు నాయనా. శుక్రవారం ఈడనే సూసినాను."

ఆ ఏడాదే పనిలో చేరిన గంపలు కట్టే మనిషి ఆ పొద్దు రాలేదు. నాయన అతని జాగా వైపు ఒకసారి చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా బ్యాంకుకు బయల్దేరాడు. నేను వెనకే పరుగెత్తాను. ఖాతాలో ఉన్న డబ్బు మాది కాదు. ఆ వారం తోటల రైతులకు ఇవ్వవలసింది.

శనివారమే మొత్తం తీసేశారు. పది రూపాయలు మిగిలాయి.

"మీ మండీ మనిషే గదన్నా వచ్చినాడు. పాసుబుక్కు తెచ్చినాడు, సంతకం సరిగ్గానే ఉండాది," అని గుమాస్తా బిక్కమొహం వేశాడు.

కొత్తగా వచ్చిన మేనేజరు కోస్తా వైపు మనిషి. బీరువాలోంచి కార్డు తీయించి, శనివారం ఫారం పక్కన పెట్టాడు.

"కార్డు మీద చుక్కలు లేవండి. ఈ సంతకం మీది కాదు. తప్పు మాదే, డబ్బు బ్యాంకే ఇవ్వాలి."

నాయన గట్టిగా ఊపిరి వదిలాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలో మేనేజరు పాత ఫారాలు కూడా తెమ్మన్నాడు. ఒక్కొక్కటే తిప్పాడు. అన్నిటి కిందా రెండేసి చుక్కలు.

"రెండేళ్లుగా ఎవరో దొంగ సంతకం పెడుతున్నారండి. పోలీసులకు రాసివ్వాలి. బ్యాంకుకు ఎవరు వచ్చేవారు?"

గుమాస్తా తలెత్తకుండా టోకెన్లు సర్దుకుంటున్నాడు. నేను నోరు తెరవబోయాను. నాయన నా చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా నొక్కాడంటే గాజు విరిగి గుచ్చుకుంది.

"అవన్నీ నావే సార్. ఈ మధ్య సుక్కలు పెడతాండాను."

"చుక్కల సంతకం మీదే అయితే శనివారంది కూడా మీదే అవుతుందండి. డబ్బు రాదు. ఆలోచించుకోండి."

నాయన ఆలోచించలేదు.

"అదీ నాదే సార్. మర్సిపోయినాను."

ఇంటిదారి పొడుగునా, నాయన నా చెంప పగలగొట్టి ఉంటే బాగుండేదని ఏడ్చాను. బండీ, ఎద్దులూ అమ్మి రైతులకు సర్దాడు. గంపల మనిషి మళ్లీ కనిపించలేదు. ఇవాళ్టికీ నేను పేరో సంతకమో ఉన్న కాగితం ఏదీ నాలుగు ముక్కలు చేయకుండా పారేయను. చూసి మా మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ.

మరుసటి వారం బ్యాంకువాళ్లు కొత్త కార్డు మీద సంతకం పెట్టమన్నారు. నాయన పెన్ను పక్కకు నెట్టి, ఇంకు ప్యాడ్ అడిగి, బొటనవేలు నొక్కాడు. వాళ్ల నలుగురు అన్నదమ్ముల్లో బడి ముఖం చూసింది ఆయన ఒక్కడే. ఆ తర్వాత ఎవరు పెన్ను ఇచ్చినా "నాకు రాదు" అనేవాడు.

ఆ నెలలోనే నేను టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టాను. అందులో తండ్రి సంతకం అన్నచోట ఉన్నది ఆయన వేలిముద్ర.