వదిన తీగకు గుచ్చిన కాగితాలు

డెబ్బై దాటాక అన్నయ్యకు కీళ్లు వాచాయి. ఆ వెంటే చెవులు ఎర్రగా కందిపోయి, దిండు తగిలినా మూలిగేవాడు. నేను తెనాలి గ్రంథాలయంలో వైద్యం పుస్తకాల బీరువా దాదాపు చదివి ఖాళీ చేసినదాన్ని. పదో తరగతితో ఆగిన చదువు అక్కడే సాగించాను. రేపల్లె వెళ్లి అన్నయ్యను, రక్తం తక్కువని వచ్చిన పరీక్ష కాగితాన్ని చూసి, "కీళ్లవాతం. వాపు ఎక్కువకాలం ఉంటే రక్తం తగ్గుతుంది, మామూలే" అని తేల్చేశాను.

చేపలమ్మి సంసారం నెట్టుకొచ్చిన వదినకు సంతకం తప్ప రాయడం, చదవడం రాదు. అయినా ఒప్పుకోలేదు.

"అదేంటమ్మా, మాత్రేస్తే వాపు తగ్గుద్ది, మాత్ర తగ్గిస్తే మళ్లీ వస్తది. రక్తం మాత్రం ఒక్కసారీ పెరగలేదని పరీక్ష చేసినోళ్లే చెప్తున్నారు. నీ పుస్తకంలో దీనికేం రాశారు?"

"పుస్తకమంటే చేపల బుట్ట కాదు వదినా, చెయ్యి పెట్టగానే దొరకడానికి."

అన్నయ్య నవ్వాడు. కానీ మాత్ర కోసం ఆవిడ వైపే చెయ్యి చాచాడు. ఒకప్పుడు ఇంటికి ఉత్తరమొస్తే చదవమని నా చేతికే ఇచ్చేవాడు.

బాపట్లలో పెద్ద డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్లాం. నేను నోటుపుస్తకం తీశాను. వదిన సంచిలోంచి ఇనుప తీగ తీసింది. కరెంటు బిల్లులు గుచ్చినట్టు, ఏడాది రక్తపరీక్షల కాగితాలన్నీ వచ్చిన వరసలో దానికి గుచ్చి ఉన్నాయి. డాక్టరు ఒక్కొక్కటే తిప్పారు. ప్రతిదాంట్లోనూ రక్తం కిందటిసారి కంటే తక్కువే.

"ఇలా ఉంచింది ఎవరండి?"

"నేనేనండి. చదవడం రాదు కదా, వరస తప్పితే మళ్లీ సర్దుకోలేనని."

"మంచి పని చేశారమ్మా. పెద్ద వయసులో ఇలాంటి వాపులకు మూలం ఒక్కోసారి రక్తంలోనే ఉంటుంది. ఎముక మూలుగు పరీక్ష చేయిద్దాం."

నా నోటుపుస్తకం ఆయన చూడనే లేదు.

మూలుగులో పుట్టే రక్తపు క్యాన్సరని తేలింది. కీళ్లూ చెవులూ దాని పనేనట. ఇంకా ముదరలేదు, వైద్యం మొదలుపెట్టొచ్చన్నారు. అన్నయ్య వదిన చెయ్యి పట్టుకున్నాడు. కనిపెట్టింది నేనైతే ఎంత బాగుండేదన్న ఆలోచనే నాకు ముందొచ్చింది. అన్నయ్య బతుకుతాడన్న సంతోషం దాని వెనక వచ్చింది. నా మాటే విని ఊరుకుంటే ఏమయ్యేదో, ఆ తలపు బస్సెక్కాక గాని రాలేదు.

ఇప్పుడు రక్తపరీక్ష అయిన ప్రతిసారీ రేపల్లె వెళ్తాను. "చదువమ్మా" అంటూ వదిన కొత్త కాగితం నా చేతికిస్తుంది. నేను గట్టిగా చదువుతాను. అంతసేపూ అన్నయ్య నా వైపే చూస్తాడు. కావాలనే నెమ్మదిగా చదువుతాను.

తర్వాత వదిన కాగితం తీసుకుని తీగకు గుచ్చుతుంది.