మినహాయింపు లేని తీర్మానం

న్యాయవాదుల సంఘంలో ఆయన్ని అందరూ ముసాయిదా మాస్టారు అంటారు. ఇరవయ్యారేళ్ల ప్రాక్టీసులో పేరు మోసిన కేసు ఒక్కటీ లేదు గానీ, సంఘం ఏ తీర్మానం చేసినా రాసేది ఆయనే. కొత్త చట్టాల మీద చర్చంటే తలా ఒక రకంగా గొంతు చించుకుంటారు. ఈయన మూలబల్ల దగ్గర కూర్చుని ఆ గోలంతటినీ నాలుగు వాక్యాల్లోకి దించుతాడు. ఆయనకున్న గొప్ప అదొక్కటే. పాపం, అదే కొంప ముంచింది.

సోమవారం చర్చ, నోటీసు లేకుండా ఇళ్లు కూల్చే అధికారమిచ్చిన కొత్త చట్టం మీద. మాస్టారికి ఒళ్లు మండిపోతోంది. ఆయన అక్క ఇంటి గోడకీ కూల్చాలని ఎర్రరంగు గుర్తు పెట్టి వెళ్లారు మరి. ఆయన మొదటి నల్లకోటు అక్క కుట్టింది ఆ ఇంటి వరండాలోనే. నెల కిందట కోర్టుకెళ్లి స్టే తెచ్చాడు. మంగళవారంతో దాని గడువు తీరుతుంది. ఆ కోపంలో, మంగళవారం ఏ న్యాయవాదీ కోర్టులో హాజరు కారాదని రాసి, ఊరుకోక 'ఎటువంటి మినహాయింపూ లేకుండా' అని తగిలించాడు. చప్పట్లు మోగాయి. తన వాయిదా మరిచిపోయి కాదు. బహిష్కరణ రోజున జడ్జీలు కేసులన్నీ వాయిదా వేసి, స్టేలు పొడిగించడం ఏనాటి నుంచో వస్తున్న అలవాటు. ఆ ధీమాతోనే రాశాడు.

మంగళవారం పదిన్నరకి బెంచి గుమాస్తా పరుగున వచ్చాడు. "మాస్టారూ, కొత్త జడ్జిగారు వాయిదాలు వెయ్యట్లేదండీ. లాయరు రాకపోతే స్టే ఎత్తేస్తున్నారు. మీది ఆరో నంబరు."

మాస్టారు వెంటనే గేటు దగ్గర బైఠాయించిన సంఘం అధ్యక్షుడి చేతులు పట్టుకున్నాడు. "ఐదంటే ఐదు నిమిషాలు వెళ్లొస్తానండీ. మా అక్క ఇల్లు."

"మీరు రాసిందే కదండీ," అన్నాడు అధ్యక్షుడు, ఆయన మొహం చూడలేక. "ఇవాళ మీరు వెళ్తే రేపు ఎవరాగుతారు? పోనీ ఉండండి, అందర్నీ అడుగుతాను."

అడిగారు. చర్చించారు. అందులో వాళ్లని మించినవాళ్లు లేరు. ఒకాయన సవరణ ప్రతిపాదించాడు, ఇంకొకాయన ఆ సవరణకి అభ్యంతరం చెప్పాడు. లోపలినుంచి ఆరో నంబరు పిలుపు వినపడింది. మాస్టారు అందర్నీ తోసుకుంటూ పరుగెత్తాడు.

ఆయన తలుపు దగ్గరికి చేరేసరికి జడ్జి ఎదుట అక్క ఒంటరిగా నిలబడి ఉంది.

"మీ లాయరేడమ్మా?"

"మా తమ్ముడేనండి. బయట ఉన్నాడు. మా ఇళ్లు కూల్చొద్దని కొట్లాడుతున్నాడండి," అంది అక్క గర్వంగా.

జడ్జి రెండు ముక్కలు చదివి సంతకం చేశాడు. "అయ్యా, మాది..." అంటూ మాస్టారు తలుపు దగ్గరి జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చేలోగా ఏడో నంబరు పిలిచారు. ఉత్తర్వు అయిపోయిందన్నారు. ఆయనకి తన చెయ్యి తనే నరుక్కోవాలనిపించింది.

వరండాలోకొచ్చిన అక్క మొహం తమ్ముణ్ణి చూడగానే విప్పారింది. "వచ్చావా! గబగబా ఏదో చదివారురా, నాకు ముక్క అర్థం కాలేదు. మీరంతా బయట అంతలా అరుస్తుంటే ఆయనకి వినపడకుండా ఉంటుందా? మన ఇల్లు నిలబడ్డట్టేగా?"