అష్టమి నాడు మారని రేటు

ఎనభైల చివర్లో నరసరావుపేటలో ఆయిలింజన్ల సామాన్లమ్మే ఒక కొట్టుకు కంప్యూటర్ వచ్చింది. దానికి కుంకుమబొట్టు పెట్టి, పైన పంచాంగం ఉంచినవాడు ఆ కొట్టు గుమాస్తా. లెక్కల్లో దిట్ట. అతన్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఏడాది ఇంజను సామాన్ల మీద అమ్మకం పన్ను తగ్గింది. వారం గడిచాక మా వీధి మెకానిక్ సాయిబు బిల్లు చూసి, "పన్ను తగ్గింది గదన్నా, పాతదే వేశావేంది?" అన్నాడు.

"మిషన్లో రేటు మార్చొద్దా? మొన్నటిదాకా మూఢం, నిన్న అష్టమి, ఇయ్యాల నవమి. మంచి ఘడియ రానీ," అన్నాడు గుమాస్తా పంచాంగం తట్టి. సాయిబు గొణుక్కుంటూ కట్టాడు. ఎక్కువ పడ్డ డబ్బు షావుకారు గల్లాలోకే పోయింది.

"పన్నుకు తిథేందయ్యా?" అని పక్కనే ఉన్న నేను గొడవపడ్డాను.

"మీకు దేవుడంటే పడదు మాస్టారూ. మాకు భయముంది."

నిజంగానే భయపడుతున్నాడేమో అనుకున్నాను.

కొన్నాళ్లకు పన్ను మళ్లీ పెరిగింది. ఆ రోజు అమావాస్య. పొద్దున్నే సాయిబుతో కలిసి వెళ్తే కొత్త రేటుతో బిల్లు చేతికొచ్చింది.

"ఇయ్యాల అమావాస్య గదయ్యా?" అన్నాను.

అతను నవ్వాడు. "మిషన్‌కి అమావాస్యేంది మాస్టారూ?"

పదేళ్లుగా హేతువాద సభల్లో నేను గొంతు చించుకుని చెబుతున్న మాటే అది. దాన్ని అతను పన్ను పెరిగిన రోజున మాత్రమే నమ్మాడు.