ఇరవై నాలుగు నలభై విమానం

డిపోలో ఆమెని అందరూ చార్టమ్మ అంటారు. ఎదురుగా మాత్రం మేడమ్ అంటారనుకోండి, అది వేరే సంగతి. నూట నలభై బస్సుల్లో ఏది ఎప్పుడు కదలాలి, ఎవరు నడపాలి, ఎవరు టికెట్లు కొట్టాలి, ఆ డ్రైవరు ఎక్కడ దిగి అన్నం తినాలి, ఇదంతా ఇరవై ఆరేళ్ళుగా ఆమె పెన్సిలుతో గీసిన గళ్ళలోనే ఉంది. కంప్యూటర్లొచ్చినా సరే, ముందు కాగితం మీద గీసుకుంటే గాని ఆమెకి ముద్ద దిగదు. ఇన్నేళ్ళలో తన చార్టులో తప్పు దొర్లలేదని కాస్త గర్వం. కాస్తేమిటి, బోలెడు గర్వం.

అలాంటి మనిషి ఆరు వారాలుగా విమానం పాయింట్ల చేతిలో నలిగిపోతోంది.

ఆ పాయింట్లు మొగుడివి. ఆయన ప్యాకింగ్ మిషన్లు బాగుచేసే మెకానిక్. ఏ దేశంలో మిషన్ మొరాయించినా పెట్టె సర్దుకుని వెళ్ళేవాడు. ఎక్కిన ప్రతి విమానానికీ కంపెనీ వాళ్ళు కొన్ని పాయింట్లు వేస్తారు, డబ్బు బదులు వాటితో టికెట్లు తీసుకోవచ్చు. రిటైరయ్యేసరికి అవి కుప్పలుగా పేరుకున్నాయి, మోకాళ్ళు అరిగిపోయాయి. "నాకు విమానం అంటేనే మొహం మొత్తింది. నువ్వూ వదినగారూ వెళ్ళి రండి. నెలాఖరులోగా వాడకపోతే అన్నీ మురిగిపోతాయి" అన్నాడు.

వదినగారంటే చార్టమ్మకి స్వయానా అక్క. ఒంటిమనిషి. బొమ్మలకి ఫ్రేములు కట్టే చిన్న కొట్టు నడుపుతుంది. ముప్పై ఏళ్ళలో అక్క ఎక్కువగా ఫ్రేము కట్టిన బొమ్మలు మూడు: వానలో వంతెన, ఉత్తరం చదువుకునే పిల్ల, ఒడ్డుకి లాగిన పడవ. ఊళ్ళో ఎవరి హాల్లో చూసినా ఈ మూడింట్లో ఒకటుంటుంది. అన్నీ అచ్చు కాగితాలే. అసలు బొమ్మలు మూడు దేశాల్లో, మూడు మ్యూజియాల్లో ఉన్నాయి. ఇప్పుడు అక్క కళ్ళు మసకబారుతున్నాయి. "ఏడాది, మహా అయితే ఏడాదిన్నర" అన్నాడు కంటి డాక్టరు. మెట్లు దిగుతూ అక్క, "ఆ పడవ అసలు రంగేమిటో చూడాలని ఉండేది" అంది. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. చెల్లెలు మాత్రం ఆ మాటని పట్టుకుని వదల్లేదు.

వదలనిది ఆ మాటొక్కటే కాదు. ఆ రోజు నుంచి ఆమెకి ఇంకో మాట ఊతపదమైపోయింది. మెట్టెక్కితే "కనపడుతోందా అక్కా?" టీ గ్లాసు అందిస్తే "కనపడుతోందా అక్కా?" బస్సొస్తే, గేటు తీస్తే, ఎదురుగా మనిషి నవ్వితే అదే ప్రశ్న. అక్క ఊఁ అనేది.

పాయింట్ల మీద టికెట్లు దొరకడం చార్టమ్మ అనుకున్నంత తేలిక కాలేదు. ఒక్కో విమానంలో అలాంటి సీట్లు రెండో మూడో వదులుతారు, రెప్పవేస్తే ఉండవు. మొదటి ఊరికి దొరికితే రెండో ఊరికి ఉండవు, రెండోదానికి దొరికితే తిరుగు ప్రయాణం గల్లంతు. ఆ వెబ్‌సైటు ఆమెకి మూడు చెరువుల నీళ్ళు తాగించింది. డిపో చార్టు కాగితాలే ఇంటికి తెచ్చుకుని భోజనాల బల్ల మీద గళ్ళు గీసింది. రెండో ఊళ్ళో పన్నెండో తారీఖు మ్యూజియానికి వారానికోసారి ఇచ్చే సెలవు. కాబట్టి ఉత్తరం పిల్లని పదమూడున చూడాలి, ఆ రాత్రి పన్నెండు నలభైకి మూడో ఊరికి విమానం ఎక్కాలి. ఐదు వారాలు కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చుంటే, ఒక మధ్యాహ్నం భోజనం వేళ ఆ రెండు సీట్లూ కనిపించాయి. పదమూడో తారీఖు నొక్కింది. మొత్తం ప్రయాణం అతుక్కుంది. రెండు రోజులు హాయిగా నిద్రపోయింది.

మూడో రోజు ఉదయం ఒక కండక్టరమ్మ కాగితం పట్టుకుని వచ్చింది.

"మేడమ్, నేను గురువారం సెలవు పెట్టాను. మీరేమో నన్ను చివరి బండి మీద వేశారు."

"అది బుధవారం బండమ్మా. ఇరవై నాలుగు నలభై అని రాసుంది చూడు. చివరి బండి వెనక్కొచ్చేదాకా మనకి బుధవారమే."

"మీ చార్టులో బుధవారం మేడమ్. మా ఇంట్లో గోడమీది క్యాలెండరుకి పన్నెండు దాటితే గురువారమే. గంటన్నర నా సెలవు బస్సులోనే పోతోంది."

చార్టమ్మ నవ్వబోయి ఆగిపోయింది. డిపోలో రోజు తెల్లవారుజామున నాలుగింటికి మొదటి బండితో మొదలవుతుంది, చివరి బండి షెడ్డుకి చేరాకే ముగుస్తుంది. అందుకే అర్ధరాత్రి దాటిన పన్నెండు నలభై అక్కడ ఇరవై నాలుగు నలభై. మరి విమానాల వాళ్ళది ఏ రోజు? పాపం, వాళ్ళకి మన డిపో సంగతి ఏం తెలుసు? ఫోను తీసి టికెట్టు చూసింది. పదమూడో తారీఖు, సున్నా సున్నా నలభై. అంటే పన్నెండో తారీఖు రాత్రే. మ్యూజియం తలుపులు తెరవకముందే వాళ్ళిద్దరూ ఆ ఊరు వదిలేస్తారు. ఆమెకి పై ప్రాణం పైనే పోయింది.

నెలాఖరుకి ఇంకా రెండు రోజులే. విమానం కంపెనీకి ఫోను చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించారు. ఆ తర్వాత దొరికిన అమ్మాయి నెమ్మదిగా చెప్పింది: "మీరడిగిన రాత్రికి ఒక్క సీటే ఉందండి. రెండూ కావాలంటే ఆ తర్వాత నాలుగు రోజులకి. సాయంత్రం ఆరు దాకా ఆ సీటు ఆపగలను." నాలుగు రోజులాగితే తిరుగు విమానం వెళ్ళిపోతుంది. మొత్తం రద్దు చేస్తే, వెనక్కొచ్చిన పాయింట్లు మురిగేలోగా ఇన్ని సీట్లు మళ్ళీ ఎక్కడ దొరుకుతాయి?

చార్టమ్మ తొమ్మిదేళ్ళలో మొదటిసారి సగం రోజు సెలవు పెట్టి అక్క కొట్టుకి పరిగెత్తింది.

అక్క బల్ల దగ్గర నిలబడి ఫ్రేము మూలలు వేళ్ళతో తడిమి కలుపుతోంది. జిగురు వాసన, గోడకి ఆనించిన గాజు పలకలు. చెల్లెలు స్టూలు మీద కూలబడి అంతా ఏకరువు పెట్టింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది.

"నా గర్వమే నా కొంప ముంచిందక్కా. ఇక ఉత్తరం పిల్లని వదిలేసుకోవాల్సిందే. మిగతా రెండైనా చూద్దువుగాని."

అక్క మూల సరిచేసి బిగించాకే మాట్లాడింది. "ఒక సీటు ఉందన్నావుగా చిన్నీ. అందులో నేనొస్తాను. నువ్వు ముందు రాత్రి మూడో ఊరికి వెళ్ళి నాకోసం అక్కడ కూర్చో."

"ఒక్కదానివా? తెలియని ఊళ్ళో రాత్రంతా, పగలంతా? గేటు నెంబర్లు ఎవరు చదువుతారు? మెట్లుంటాయి, జనం తోసుకుంటారు..."

"అడుగుతాను. నోరుందిగా. రోజూ ఈ కొట్టుకి నన్ను ఎవరు తీసుకొస్తున్నారనుకున్నావు?"

"ఇది కొట్టు కాదక్కా. వద్దు. నేనుండాలి పక్కన."

అక్క చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు బాధపడతావని ఇన్నాళ్ళూ చెప్పలేదు. మూడు బొమ్మల దగ్గరా నువ్వు నా పక్కనే ఉంటావు. కనపడుతోందా అక్కా అంటావు. నేను బొమ్మని వదిలేసి నీకు జవాబు చెప్పుకుంటూ కూర్చోవాలి. ఒక్క బొమ్మనైనా ఎవరూ ఏమీ అడక్కుండా చూసుకోనీ. సగమే కనపడితే సగమే చూస్తాను."

చార్టమ్మకి చెంప మీద కొట్టినట్టయింది. కోపం వచ్చింది, సిగ్గేసింది. ఆరు వారాలు ఎవరికోసం పడ్డాను ఈ పాట్లు అని అనబోయింది. అక్క మొహం చూసి అనలేదు. గోడ గడియారంలో ఐదున్నర.

విమానం కంపెనీకి ఫోను చేసింది. ఈసారి పాట పన్నెండు నిమిషాలే. ఆ అమ్మాయి అంది: "టికెట్టు ఎవరిదో వాళ్ళ ఫోనుకి ఆరంకెల కోడు పంపాను. ఐదు నిమిషాల్లో వాళ్ళే చదివి చెప్పాలండి."

అక్క తన ఫోను తీసుకుంది. దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది, తలుపు దగ్గరికి వెళ్ళి వెలుతురుకి తిప్పింది. మొదటి అంకె చదివింది. కాదు, అని దిద్దుకుంది. ఒక నిమిషం పోయింది. చార్టమ్మ చేతులు వాటంతటవే ఆ ఫోను వైపు లేచాయి, వాటిని ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి పట్టుకుంది. రెండో నిమిషం పోయింది. నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట. మూడు అంకెలయ్యాయి. నాలుగో అంకె దగ్గర అక్క చాలాసేపు ఆగింది. చార్టమ్మ గడియారం వంక చూడలేదు, అక్క వంక కూడా చూడలేదు. జిగురు డబ్బా మీద అక్షరాలు చదువుకుంటూ, ఆరో అంకె వినపడేదాకా నోరు మూసుకుని కూర్చుంది.